చిన్నీకి, ఆ కార్డు పాయింట్ల గురించి

హిందూపురం

చిన్నీ,

ఈ నెలాఖరులోగా ఇంకో 18,000 ఖర్చు పెడితే క్రెడిట్ కార్డు ఏడాది ఫీజు మాఫీ అవుతుందని, అందుకే హెడ్‌ఫోన్లు కొంటున్నానని మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబితే తగువులా ఉంటుందని రాస్తున్నాను. ఆ ఫీజు వెయ్యి, జీఎస్టీతో కలిపి 1,180. దాన్ని తప్పించుకోవడానికి 18,000 వదిలించుకోవడం ఏం లెక్క తల్లీ? హెడ్‌ఫోన్లు నిజంగా కావాలంటే కొనుక్కో, ఒక్క మాట అనను. ఫీజు కోసమే అయితే మాత్రం వద్దు. వచ్చే నెల ఎలాగూ కట్టాల్సిన బండి ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు ఇప్పుడే కట్టెయ్. అద్దె, పెట్రోలు, వాలెట్‌లో వేసిన డబ్బు చాలా కార్డులు ఈ లెక్కలోకి తీసుకోవు. షరతులు చదివి మరీ కట్టు.

నా అసలు బెంగ హెడ్‌ఫోన్ల గురించి కాదు. మొన్న నేను బెంగళూరులో మీ మారతహళ్లికి వచ్చినప్పుడు యాప్ చూపించావు కదా, అందులో ఆటో డెబిట్ (బిల్లు డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవడం) దగ్గర 'మినిమమ్ అమౌంట్ డ్యూ' మీద, అంటే కనీసం కట్టాల్సిన మొత్తం మీద టిక్ ఉంది. బ్యాంకు కౌంటర్లో పనిచేసినదాన్ని, ఆ టిక్ ఎంత చదువుకున్నవాళ్లను ముంచిందో చూశాను. బిల్లు 40,000 అనుకో. మినిమమ్ అంటే మామూలుగా 5 శాతం, అంటే 2,000. మిగిలిన 38,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 1,330, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 239. కొన్న రోజు నుంచీ లెక్కకడతారు కాబట్టి పడేది ఇంకా ఎక్కువే. పైగా బాకీ మొత్తం తీరేదాకా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువే ఉండదు, ఈ రోజు తాగిన కాఫీకి ఈ రోజు నుంచే వడ్డీ. మరి ఆ 40,000కి నీకు వచ్చే పాయింట్లు? వందకు రెండు, పాయింటు పావలా. మొత్తం కలిపి 200 రూపాయలు.

గడువు తేదీ జీతం కంటే ముందు పడుతోందని అలా పెట్టావేమో. బిల్లింగ్ తేదీ మార్చమని బ్యాంకును అడుగు, కనీసం ఒకసారి మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది.

ఇదివరకు పర్సులోంచి కార్డు తీసి గీకితే అప్పు చేస్తున్నామని తెలిసేది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు వచ్చింది. ఇక స్కాన్ చేస్తుంటే జీతం తరుగుతోందో అప్పు పెరుగుతోందో తేడా కనబడదు. మీ కింది షాపులో కొత్తిమీర కట్టకు కూడా కార్డే వాడావు. 'పాయింట్లు వస్తాయమ్మా' అన్నావు. వస్తాయి, కాదనను. కానీ ఖాతాలో డబ్బు తగ్గుతున్నట్టు కనబడితేనే చెయ్యి ఆగుతుంది. కూరగాయలు, టీ, ఆటో లాంటివి జీతం ఖాతాలోంచే కట్టు.

పాయింట్ల మీద మమ్మల్ని కాశీకి విమానంలో తీసుకెళ్తానన్నావు. మీ నాన్న ఆ మాట వీధంతా చెప్పారు. ఉన్న పాయింట్లను మిక్సీలకూ బ్యాగులకూ తగలెయ్యకు, విమాన సంస్థ మైళ్లలోకి (టికెట్టుకు వాడుకునే వాళ్ల పాయింట్లలోకి) మారిస్తేనే సాధారణంగా విలువ ఎక్కువ. అయితే మనకు కావలసిన తేదీకి సీటు ఉందని చూసుకున్నాకే మార్చు, ఒకసారి మార్చాక మళ్లీ వెనక్కి తెచ్చుకోలేవు. పన్నులు ఎలాగూ చేతినుంచి కట్టాలి. పాయింట్లు చాలకపోతే కొత్త ఖర్చుతో పోగెయ్యొద్దు. సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ బెంగళూరు నుంచే బయల్దేరుతుంది, దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే కాశీ పక్కనే. పులిహోర నేను కడతాను.

మాల్‌లో 'లైఫ్‌టైమ్ ఫ్రీ' అని అంటగట్టిన ఆ రెండో కార్డు మూసెయ్యి. పాయింట్లుంటే వాడేసుకుని, బాకీ తీర్చి, మెయిల్లో అడుగు. ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు 500 చొప్పున వాళ్లే నీకివ్వాలి.

ఆటో డెబిట్ మాత్రం ఈ రాత్రే 'టోటల్ అమౌంట్ డ్యూ'కి, అంటే మొత్తం బిల్లుకి మార్చు. ఖాతాలో అంత లేదనుకుంటే టెన్షన్ పడకు, నాకు చెప్పు. నేను వేస్తాను, నెమ్మదిగా తీర్చు. మీ నాన్నకు చెప్పను.

అమ్మ