తెనాలి, బాపట్ల, నరసరావుపేట వైపు కస్టమర్లకు: ఫోన్ చేసిన రోజే ఎందుకు రాలేమంటే

గుంటూరు బయట మా ఫ్రిజ్, ఫ్రీజరు రిపేరు సర్వీసు తీసుకునే హోటళ్ళు, స్వీటు షాపులు, ఐస్‌క్రీం పార్లర్లు, మెడికల్ షాపుల వాళ్ళకు ఒక విషయం నేనే చెప్పాలి. వచ్చే సోమవారం నుంచి తెనాలి, బాపట్ల, నరసరావుపేట, చిలకలూరిపేట వైపు ఫోన్ చేసిన రోజే మెకానిక్కును పంపలేం. మర్నాడు వస్తాడు. డీప్ ఫ్రీజరు నిండా సరుకు పెట్టుకున్న మీకు నడి ఎండాకాలంలో ఈ మాట చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉంది. గుంటూరు టౌనులో మాత్రం ఏమీ మారదు.

మా కుర్రాళ్ళు అద్దె కార్లు నడపడం పూర్తిగా మానిపించాను. అందుకే ఈ ఇబ్బంది.

మాకున్నది ఒకటే వ్యాను. ఎండలు ముదిరితే ఒకే రోజు మూడు వైపుల నుంచి కాల్స్ వస్తాయి. కంప్రెసరు, గ్యాస్ సిలిండరు, పైపులు అతికే బ్రేజింగ్ సెట్టు మోటారు సైకిలు మీద పెట్టుకుని బాపట్ల దాకా పోలేరు. అందుకని సీజన్లో సెల్ఫ్ డ్రైవ్ కార్లు తీసుకునేవాళ్ళం. మార్చిలో ఒక రోజు తెల్లవారుజామున నరసరావుపేట మెడికల్ షాపు నుంచి ఫోన్ వచ్చింది. ఫ్రిజ్ ఆగిపోయింది, లోపల ఇన్సులిన్ ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మా కుర్రాడు వెంటనే వెళ్ళాడు, బాగు చేశాడు, సరుకు దక్కింది. తిరిగొస్తుంటే చీకటి పడింది. ఫిరంగిపురం దగ్గర, మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకెళ్తున్న ట్రాక్టరు ట్రాలీకి వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు. దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. బ్రేకు వేశాడు, అయినా కారు ముందు భాగం ట్రాలీ కిందికి పోయింది. కుడి మణికట్టు విరిగింది. ట్రాక్టరు మీద ఉన్నవాళ్ళకు ఏమీ కాలేదు, అది దేవుడి దయ.

ఆ కారు గురించి వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఒక పాత కస్టమరు ఫోన్లో, "చవగ్గా వస్తుందని ఏదో ఒక కారు తీసుకుని ఉంటారు" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మేం డబ్బు కట్టింది నల్ల బోర్డు కారుకు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది సెల్ఫ్ డ్రైవుకు అద్దెకిచ్చేందుకే రిజిస్టరైన బండి. దాని ఇన్సూరెన్సు కూడా అలాగే ఉంటుంది. ఆ ఉదయం కార్లు అద్దెకిచ్చే ఆపరేటరు పంపింది తెల్ల బోర్డు కారు, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. "ఆ కారు సర్వీసుకు పోయింది, దీనికీ ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది" అని వాట్సాప్‌లో రాశాడు. ఆ మెసేజి ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నమాట నిజమే. అది సొంత కారు పాలసీ. సొంత వాడకానికి ఇచ్చే పాలసీలో, కిరాయికి తిప్పితే వర్తించదని వాడకం షరతుల కిందే రాసి ఉంటుంది. ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, డిక్కీలో మా సిలిండర్లు చూసి, మా కుర్రాడి చేతిలో అద్దె రసీదు చూసి, బండి డ్యామేజీ క్లెయిమ్ కుదరదని తేల్చేశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది మా పని. మర్నాడే ఆపరేటరు రిపేరు బిల్లు మొత్తం మా మీద వేశాడు.

బిల్లుకు కారణం అడిగితే పూటకో మాట చెప్పాడు. ముందు, మీ కుర్రాడి లైసెన్సుకు బ్యాడ్జీ (ట్రాన్స్‌పోర్టు బండి నడిపే అనుమతి) లేదన్నాడు. సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2024 నవంబరులోనే తేల్చింది: 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్టు బండికి మామూలు కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సు చాలు. పైగా వాడు ఇచ్చింది ట్రాన్స్‌పోర్టు బండే కాదు. అది చెల్లకపోయేసరికి కారులో గ్యాస్ సిలిండర్లు పెట్టారన్న మాట ఎత్తాడు. అద్దెకిచ్చే వ్యాపారానికి 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ స్కీమ్ కింద లైసెన్సు కావాలి, దానికి కనీసం 50 క్యాబులు ఉండాలి. మీ లైసెన్సు చూపించండి అని అడిగాను. ఇంతవరకు చూపించలేదు. ఆ బిల్లు నేను కట్టను. లాయరు ద్వారా జవాబు పంపించాను. ఎంత దూరం పోయినా సరే.

కారు సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మనిషి సంగతి. కారు పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుందని అందరం వింటాం. అది ఓనర్-డ్రైవరుకు, అంటే ఆర్సీలో పేరున్న యజమానే నడుపుతుంటే, ఆయనకు. అద్దెకు తీసుకుని నడిపేవాడికి అందులో రూపాయి రాదు. అవతలి మనిషికి దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ కింద ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించవచ్చు, షరతులు మీరారని తర్వాత బండి ఓనరు దగ్గర రాబట్టుకోనూ వచ్చు. ఆ ఓనరు మన మీదికి వస్తాడు. పని మీద పంపింది మనం కాబట్టి మన బాధ్యత ఎటూ ఉంటుంది. స్టీరింగు పట్టుకున్న కుర్రాడికి మాత్రం ఆ కారు ఇన్సూరెన్సులో చోటే లేదు.

మా దగ్గర పది మంది లేరు కాబట్టి ఈఎస్ఐ వర్తించదు. కార్మికుల నష్టపరిహారం పాలసీ ఏటా కడుతున్నాం, కానీ అది చట్టం పెట్టిన లెక్క ప్రకారమే ఇస్తుంది. ఆపరేషను ఖర్చు షాపు పెట్టుకుంది, జీతం పూర్తిగా ఇస్తున్నాం. ఇప్పుడు దానికి తోడు అందరికీ గ్రూపు ప్రమాద బీమా తీసుకున్నాను, ఒక్కొక్కరికి 10 లక్షలు. ఏ బండిలో ఉన్నా, ఎవరు నడుపుతున్నా వర్తించేలా రాయించాను.

మరి బీమా తీసుకున్నాక పెద్ద కంపెనీ నల్ల బోర్డు కారే తీసుకోవచ్చు కదా అని మా ఇంట్లో వాళ్ళే అడిగారు. నేనూ చాలా రాత్రులు లెక్కలు వేశాను. ఖర్చు చూస్తే అదే మేలు. కానీ నేను చదివిన అగ్రిమెంట్లలో గ్యాస్ సిలిండర్లు తీసుకెళ్ళకూడదనే ఉంది. డ్యామేజీ ప్రొటెక్షన్ అని అదనంగా కట్టించుకునేది కూడా ఇన్సూరెన్సు కాదు, షరతు తప్పితే అదీ పోతుంది. సిలిండరు లేకుండా మా పని లేదు. సిలిండరు దాచిపెట్టి తీసుకుపొమ్మని నా నోటితో నేను ఆ పిల్లలకు చెప్పలేను. డ్రైవరుతో టాక్సీ పెట్టి చూశాం. మీ కంప్రెసరు మార్చేదాకా మూడు గంటలు వెయిటింగు, ఆ డబ్బు మీ బిల్లులో వేయాలి. అదీ మనసొప్పలేదు. పైగా సిలిండరు చూసి ఇద్దరు డ్రైవర్లు రామన్నారు.

చివరికి రెండో వ్యాను కొంటున్నాను. సెకండ్ హ్యాండు, పసుపు బోర్డు గూడ్స్ బండి. ఆర్సీ నా పేరు మీదికి మారి, నడిపే మనిషికి, పక్కన కూర్చునే హెల్పరుకు విడిగా ప్రీమియం కట్టి, ఆ కవర్లు పాలసీ కాగితం మీద నా కళ్ళతో చూసేదాకా అది రోడ్డెక్కదు. "ఈలోపు సీజను పోతుంది, వేరేవాళ్ళు పట్టుకుపోతారు" అని నాకు చెప్పినవాళ్ళున్నారు. పోనివ్వండి. అంత తొందరైన మీ షాపుకు వేరే మెకానిక్కును పిలుచుకున్నా నేను ఏమీ అనుకోను. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉన్నవాళ్ళకు బయటి మెకానిక్కు విజిట్ చార్జీ నేను తిరిగి ఇస్తాను, బిల్లు పంపండి.

మెడికల్ షాపులకు మాత్రం ఈ మర్నాడు అన్న మాట లేదు. మందుల ఫ్రిజ్ ఆగితే ఏ వేళైనా ఫోన్ చేయండి. ఉన్న వ్యాను ముందు మీ దగ్గరికే వస్తుంది, గుంటూరు కాల్ ఆపి అయినా సరే. మిగతావాళ్ళు ఫ్రీజరు ఆగిన వెంటనే తలుపు తీయకుండా ఫోన్ చేస్తే, మర్నాటిదాకా సరుకు నిలబెట్టుకోవడానికి ఏం చేయాలో ఫోన్లోనే చెప్తాం. ఇప్పుడు ఆ ఫోన్లు తీసుకునేది కట్టుతో షాపులో కూర్చున్న ఆ కుర్రాడే. మీ మెషిన్లన్నీ వాడికి తెలుసు.