ముద్రల కిట్‌పై ఫిర్యాదు

విషయం: సింధు నాగరికత క్రాఫ్ట్ కిట్‌లో తప్పుడు సమాచారం, పాడైన మట్టి – డబ్బు వాపసు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా స్కూల్లో ఆరో తరగతి పిల్లల కోసం మీ దగ్గర సింధు లోయ ముద్రల తయారీ కిట్లు 20 తెప్పించాను. బిల్లు, ఫొటోలు జత చేస్తున్నాను.

సగానికి పైగా ప్యాకెట్లలో మట్టి బిగుసుకుపోయి వచ్చింది. తడిగుడ్డ చుట్టి ఉంచినా పిసకడానికి రాలేదు. ఇదొక్కటే అయితే కొత్త మట్టి పంపమని అడిగి ఊరుకునేదాన్ని.

అసలు గొడవ లోపలున్న చార్టుతో. 'హరప్పా లిపిలో మీ పేరు రాయండి' అంటూ ఏ నుంచి జెడ్ దాకా ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కో గుర్తు అచ్చేశారు. ఆ లిపిని చదివామని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, పండితులంతా ఒప్పుకున్నది ఒక్కటీ ఇంతవరకు లేదు. ఆ లిపి మీద పరిశోధన చేసిన ఐరావతం మహదేవన్ గారు 1977లో ప్రచురించిన పట్టికలోనే 417 గుర్తులున్నాయి. అవి 26కి ఎలా తగ్గాయో మీరే చెప్పాలి. ఆ లిపి గుట్టు విప్పినవాళ్లకు పది లక్షల డాలర్లు ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. మీ చార్టే నిజమైతే ఆ బహుమతి మీరే తెచ్చుకోవచ్చు, కిట్లు అమ్ముకునే అవసరం ఉండదు. మా క్లాసులో ఒకమ్మాయి తన పేరు అలా రాసుకొచ్చి, "మొహెంజొదారో వాళ్లు ఇది చదవగలరా టీచర్?" అని అడిగింది. చదవలేరమ్మా అంటే, "మరి ఎందుకు అచ్చు వేశారు?" అంది. ఆ ప్రశ్న మీకే పంపిస్తున్నాను.

ఇక మీరిచ్చిన ప్లాస్టిక్ అచ్చు. దాని మీద ఎద్దు బొమ్మ ఉబ్బెత్తుగా ఉంది, మట్టిలో నొక్కితే గుంటగా పడుతోంది. అసలు ముద్రల్లో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మెత్తటి బలపపు రాయిలో బొమ్మను లోపలికి చెక్కేవాళ్లు, అదీ అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా మార్చి. తడిమట్టి మీద నొక్కితే అది పైకి తేలి కనిపించేది. ఎక్కువ ముద్రలు రెండు మూడు సెంటీమీటర్ల చదరాలే, మీ అచ్చు అరచేయంత ఉంది. ఇంత చిన్న రాయి మీద, ఎడమ కుడి తిరగేసి, మూపురం, గంగడోలు మడతలతో సహా ఎలా చెక్కారా అని పిల్లలు నోరెళ్లబెట్టాలి. అందుకే కదా చేత్తో చేయించేది! చివరికి బట్టల సబ్బు ముక్కలు, టూత్‌పిక్‌లు ఇచ్చి చెక్కించాను. మీ కిట్ కంటే అదే బాగా కుదిరింది.

20 కిట్ల డబ్బూ పూర్తిగా వాపసు ఇవ్వండి. కొత్త మట్టి, కూపన్లు వద్దు. మిగిలిన స్టాకులోంచి ఆ చార్టు తీసేయండి, ఇప్పటికే కొన్నవాళ్లకు సవరణ పంపండి. పెట్టె మీద 'చరిత్రకారులు ఆమోదించినది' అని వేశారు, ఆ చరిత్రకారులెవరో కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఇవే ఫొటోలతో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
ఆరో తరగతి సోషల్ టీచర్