మీ రికార్డుల్లో ‘పరిష్కారమైన’ నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మీ పేరు నాకు తెలియదు. ఐదు వారాలుగా అడుగుతున్నాను. మీ పేరు చెప్పే అధికారం మీ ఆఫీసులో ఎవరికీ లేదట. అందుకే స్పీడు పోస్టులో రాస్తున్నాను. దీన్ని తీసుకోవాలంటే ఎవరో ఒకరు సంతకమైనా పెట్టాలి కదా.

విషయం చిన్నదే. మా వారి 75వ పుట్టినరోజుకు ఇద్దామని, మీ వెబ్‌సైటులో ‘అగిడిగ్బో, యోరుబాల సంప్రదాయ వాద్యం’ అని రాసి ఉన్నదాన్ని కొన్నాను. యోరుబాలంటే నైజీరియాలోని ఒక జాతివాళ్లు. వచ్చింది కలింబా. అరచేతుల్లో ఇమిడేది, బొటనవేళ్లతో మీటే 17 రేకులది. శ్రుతి సరిచేసుకోవడానికి బుల్లి సుత్తి కూడా పెట్టారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనబడగానే ఉలిక్కిపడను. సుత్తి మాత్రం, మీ వాళ్లతో ఫోనులో మాట్లాడాక, దండగ అనిపించింది. అది అక్కడే కావలసినంత దొరుకుతోంది.

మొదటి అబ్బాయి, “తంబ్ పియానో అంటే ఇదే మేడమ్” అన్నాడు. నిదానంగానే చెప్పాను. 1979 నుంచి 1985 దాకా మేమిద్దరం నైజీరియాలో, ఇబాదాన్‌లో టీచర్లం. ఆ రోజుల్లో మన దేశం నుంచి చాలామంది అలా వెళ్లారు. మా ఇంటి వెనక ఉండే పెద్దాయన దగ్గర అగిడిగ్బో ఉండేది. పెట్టె అంటే పెట్టే. ఆయన ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు కనిపించేవి కావు. దానికి ఐదే రేకులు, పాత రంపపు బ్లేడు విరిచి చేసినవి. బొటనవేలితో నొక్కి వదిలితే ఆ మోత చెవికంటే ముందు మేము కూర్చున్న బల్లకు తగిలేది. అపాలా అనే యోరుబా సంగీతంలో పేరుమోసిన గాయకుడు హరూనా ఇషోలా పాటల్లో అడుగున గుమ్ముమంటూ నడిచేది అదే. 1983లో ఇషోలా పోయినప్పుడు మా వీధిలో రాత్రి దాకా ఆయన రికార్డులే మోగాయి. మా వారు భోజనానికి కూడా లేవలేదు. కలింబా వేరు. జింబాబ్వేలోని షోనా జాతివాళ్లు బొటనవేళ్లతో వాయించే ఎంబిరాను చూసి హ్యూ ట్రేసీ అనే ఆయన 1950లలో దక్షిణాఫ్రికాలో తయారుచేయించి అమ్మినది. మంచి వాద్యమే, దాని మీద నాకు పగ లేదు.

అంతా విని, “రెండూ బొటనవేలితోనే కదా మేడమ్” అన్నాడు.

“అయితే వీణ అడిగినవాళ్లకు ఏక్‌తారా పంపుతావా నాయనా?”

“వీణ స్టాకులో ఉంది మేడమ్, పంపమంటారా?”

రెండో అమ్మాయి పెట్టె విప్పుతున్నప్పటి వీడియో అడిగింది. తీయలేదన్నాను. అయితే రాని వస్తువు ఫొటో పంపమంది. రానిదానికి ఫొటో ఎలా తీస్తారని అడిగితే పై అధికారికి కలుపుతానని లైను పెట్టి ఉంచింది. ఇరవై రెండు నిమిషాలు. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని నిమిషానికి రెండుసార్లు వినిపించింది. కూరగాయలన్నీ తరిగేశాను. ఆ తరవాత లైను తెగిపోయింది.

మూడోసారి నా ఫిర్యాదును, పియానో అన్న మాట ఉంది కాబట్టి, పియానోల విభాగానికి పంపారు. వాళ్లు పెడళ్లు పనిచేస్తున్నాయా అని అడిగారు. వద్దంటున్నా వినకుండా స్టాండు బిగించడానికి మనిషినే పంపారు. పాపం, మండుటెండలో స్క్రూడ్రైవర్ల సంచీతో మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. నేను చేతిలో పెట్టిన కలింబాను అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి స్టాండు ఎక్కడ బిగించాలమ్మా?” అన్నాడు. మీ కంపెనీ వాళ్లలో నేను విన్న ఏకైక తెలివైన ప్రశ్న అది. కాఫీ ఇచ్చాను. తాగుతూ దాని మీద ఏదో పాట నాలుగు చరణాలు చక్కగా పలికించాడు కూడా. జరిగింది ఉన్నది ఉన్నట్టు రాసుకుని వెళ్లాడు.

మర్నాడు మీ నుంచి సందేశం: ‘మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’

అధిపతి గారూ, తప్పు జవాబు రాసిన పిల్లవాడికి సున్నా వేసి, పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్పేదాన్ని. తెల్లకాగితం ఇచ్చినవాడి మీదా కోపం వచ్చేది కాదు. తెల్లకాగితం ఇచ్చి పైగా మార్కులు అడిగినవాణ్ణి మాత్రం ఈ వయసులో మీ దగ్గరే చూశాను.

యోరుబాల్లో ఒక సామెత ఉంది. అగిడిగ్బోను సామెతలు పలికినట్టు వాయిస్తారు, తెలివైనవాడే దానికి ఆడగలడు, వివేకికే దాని అర్థం తెలుస్తుంది అని. మీ వాళ్ల సమాధానాలూ ఆ కోవలోవే కాబోలు, నాకు అర్థం కాకపోవడం నా లోపమే.

మీకు నేను కొత్త కాదు. తొమ్మిదేళ్లుగా మా మనవరాలి వీణ తీగలు మీ దగ్గరే. శ్రుతిపెట్టె, హార్మోనియం మీ దగ్గరే. నా మాట మీద మా సంగీతం క్లాసులో ఆరుగురు మీ దగ్గర కొన్నారు. ఇప్పుడు వాళ్లకు ముఖం చూపించలేకపోతున్నాను. పుట్టినరోజు మూడు వారాల కిందటే అయిపోయింది. మా వారికి సంగతి చెప్పలేక చొక్కా గుడ్డ ఇచ్చాను.

డబ్బు వాపసు ఇస్తారో, అసలు వాద్యమే తెప్పిస్తారో మీ ఇష్టం. తెప్పిస్తే సంతోషమే, మీ వల్ల అవుతుందని మాత్రం నమ్మకం లేదు. ముందు మీ ఆఫీసులో ఎవరైనా ఒక మనిషి, తన పేరు చెప్పి, “పొరపాటు మాదేనమ్మా” అనాలి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తరవాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. రిటైరైనదాన్ని, తీరిక బోలెడంత ఉంది. మీ వాళ్లు చెప్పిన ప్రతి మాటా తేదీతో సహా ఎర్ర సిరాతో నోటుపుస్తకంలో రాసి ఉంచాను.

ఇట్లు,
తొమ్మిదేళ్ల మీ కస్టమరు

తా.క.: ఈ కాగితం మడుస్తుండగా మీ నుంచి మరో సందేశం వచ్చింది. నా పియానో స్టాండు రేపు మధ్యాహ్నం వస్తుందట, ఇంట్లోనే ఉండాలట.