నాన్నకు, ఆ స్టీరింగ్ మోటార్ గురించి

హామిల్టన్, ఒంటారియో
ఫిబ్రవరి, ఆదివారం రాత్రి

నాన్నకు నమస్కారాలు.

స్టీరింగ్ బాక్సు మొత్తం మార్చకుండా దాని మోటార్ ఒక్కటే విప్పి మార్చవచ్చా అని మొన్న ఫోనులో మీరు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. నేను కారును ఎత్తే లిఫ్టు కింద ఉన్నాను, మీ వెనుక ముషీరాబాద్ రోడ్డు హారన్లు. మీకు సగం వినబడింది, నాకు సగం వినబడింది. ఇలాంటి పని సగం వింటే చెడిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తమ్ముడి చేత ప్రింటు తీయించి, షెడ్డులో పానాలు తగిలించే పలక పక్కన పెట్టుకోండి.

వానాకాలంలో అపార్ట్‌మెంటు సెల్లారులో రెండు రోజులు నీళ్లలో నిలబడిన కారు ఇప్పుడు మాఘమాసంలో మొరాయిస్తోందని చెప్పారు. స్టీరింగ్ దీపం వెలుగుతోంది, తిప్పడం బరువైంది, స్టీరింగ్ బాక్సు మొత్తం మార్చాలని ఎక్కడో చెబితే కారు యజమాని మీ దగ్గరకు వచ్చారు. అంతా చెప్పి చివర్లో మీరు, "కరెంటుతో నడిచే స్టీరింగ్ నా చేతిపని కాదమ్మా" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టాక్సీ అంబాసిడర్ల కింద మీరు పడుకుని ఉంటే, పదకొండేళ్ల పిల్లగా పక్కన కూర్చుని పానాలు అందించినదాన్ని. ఏ నంబరు పానా అడుగుతారో మీ చెయ్యి చాచిన తీరు చూసి తెలుసుకునేదాన్ని. ఆ అంబాసిడర్‌కు ఉన్నది కూడా ర్యాక్, పినియనే కదా నాన్నా! మీ ముందున్న బాక్సులోనూ అదే పళ్ల కడ్డీ ర్యాక్, దాన్ని జరిపే అదే చిన్న పళ్ల చక్రం పినియన్. దానికి ఒక మోటార్, ఒక సెన్సర్ తోడయ్యాయి, అంతే.

మీరు స్టీరింగ్ తిప్పగానే లోపల ఒక సన్నని ఉక్కు కడ్డీ కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలి ఎంతో సెన్సర్ చదివి కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంది, అది మోటార్‌కు కావలసినంత కరెంటు ఇస్తుంది. మోటార్ పూర్తిగా ఆగిపోయినా స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. హైడ్రాలిక్ స్టీరింగ్ పంపు బెల్టు తెగినప్పుడు మీరు ఎన్నోసార్లు చూసిందే.

మోటార్ మీద చెయ్యి వేసే ముందు ఒక పని చేయండి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పేటప్పుడు ఈ మోటార్ 50 ఆంపియర్లు దాటి లాగగలదు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి తాగేది 10 ఆంపియర్ల లోపే. తేడా చూశారా? బ్యాటరీ నీరసంగా ఉన్నా, బాడీకి బిగించిన ఎర్తు వైరు కింద తుప్పు చేరినా, మోటార్ నిక్షేపంలా ఉండి కూడా స్టీరింగ్ బరువెక్కుతుంది. నీళ్లలో నిలబడిన కారు కాబట్టి ముందు ఆ ఎర్తు బోల్టు విప్పి, గీకి, మళ్లీ బిగించండి. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వోల్టేజీ చూడండి. స్కానర్ ఉన్న కుర్రవాడిని పిలిచి, తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్ చదివించండి. తప్పు మోటార్‌దే అని తేలితేనే ముందుకు వెళ్లండి. ఇక్కడ నేను మొదటి ఏడాదిలో చూసిన కార్లలో ఒకదానికి మోటార్ మార్చాక కూడా దీపం ఆరలేదు. చివరికి తేలింది ఎర్తు వైరే. ఆ యజమాని ముఖం ఇప్పటికీ మరిచిపోలేను.

ఇప్పుడు మోటార్ ఎక్కడుందో చూడండి. మన దగ్గర చాలా చిన్న కార్లకు అది డాష్‌బోర్డు కింద, స్టీరింగ్ కాలమ్ మీద ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి దీనికి కింద, బాక్సు మీదే ఉంది. అది బాక్సులోంచి పక్కకు పొడుచుకు వచ్చినట్టు ఉండి, తన సొంత పినియన్ ద్వారా ర్యాక్‌ను తోసేదైతే విప్పవచ్చు. ర్యాక్ పక్కనే దానికి సమాంతరంగా పడుకుని ఉంటే మాత్రం లోపల బెల్టు, దానితో తిరిగి ర్యాక్‌ను జరిపే బాల్ స్క్రూ ఉంటాయి. ఆ బెల్టు బిగింపు కొలత తప్పితే స్టీరింగ్ నమ్మదగ్గది కాదు. అలాంటిదైతే విప్పవద్దు, బాక్సు మార్చడమే మేలని కారు యజమానికి సూటిగా చెప్పండి. ముందు కంపెనీ మాన్యువల్ కూడా చూడండి. కొన్ని కార్లకు మోటార్‌ను విడిగా అమ్మరు.

బాక్సును కిందికి దింపడం మీకు నేను చెప్పేది కాదు. రెండే మాటలు. బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్‌ను సీటు బెల్టుతో కదలకుండా కట్టేయండి. కింద షాఫ్టు ఊడదీశాక ఎవరైనా దాన్ని గిరగిరా తిప్పితే ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే చుట్ట వైరు తెగిపోతుంది.

అసలు సంగతి బల్ల మీద మొదలవుతుంది. పోయిన వారం నేను ఇదే పని చేశాను. ఇక్కడ శీతాకాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు నాన్నా. మంచు కరిగి ఉప్పునీరై కారు అడుగుకు పట్టుకుంటుంది. అల్యూమినియం బాడీలో బిగించిన ఉక్కు బోల్టుకు ఉప్పునీరు తగిలితే, తెల్లటి పొడి పట్టి రెండూ ఒకటే ముద్దయినట్టు కరుచుకుంటాయి. మూడు బోల్టుల్లో రెండు వచ్చాయి. మూడోది కదలలేదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున పావు మలుపు వెనక్కి, కొంచెం ముందుకు, మళ్లీ నూనె, మళ్లీ వెనక్కి. నలభై నిమిషాలు పట్టింది. పక్క లిఫ్టు దగ్గర పనిచేసే పెద్దాయన గ్యాసు మంట ఇవ్వబోతే వద్దన్నాను. మోటార్ లోపల అయస్కాంతాలు ఉంటాయి. వేడి తగిలితే వాటి బలం తగ్గుతుంది, సీళ్లు కరిగిపోతాయి.

బోల్టులు వచ్చినా మోటార్ వెంటనే ఊడిరాదు. సుత్తి తీయాలనిపించేది ఇక్కడే. దయచేసి తీయకండి, షెడ్డులో కుర్రాళ్లను కూడా తీయనివ్వకండి. అయస్కాంతాలు పెళుసు. ఒక్క దెబ్బకు పగులుతాయి, బేరింగు గుంతలు పడుతుంది, షాఫ్టు ఏ కోణంలో ఉందో చెప్పే సెన్సర్ చెడుతుంది. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తవద్దు. అక్కడ ఒక్క గీత పడినా, నీరు చొరకుండా ఆపే రబ్బరు చుట్టు (ఓ-రింగు) సరిగా కూర్చోదు, మళ్లీ నీరు వెళ్తుంది. ముందు చుట్టూ బ్రష్షుతో శుభ్రం చేసి, మోటార్ మీదా బాక్సు మీదా కలిసేలా తెల్ల గీత గీయండి. "విప్పే ముందు గుర్తు పెట్టు" అని మీరు నాకు నేర్పిందే. తర్వాత రెండు చేతులతో పట్టుకుని ఇటు కొంచెం, అటు కొంచెం మెలితిప్పుతూ, రెండు వైపులా ప్లాస్టిక్ ముక్కలతో సమానంగా జరుపుతూ తిన్నగా లాగండి. వైర్లు పట్టుకుని మాత్రం లాగకండి.

మోటార్ వచ్చాక దాని వైపు కాదు, అది ఉన్న గుంతలోకి చూడండి. నా దానిలో నారింజ రంగు తుప్పు పొడి, అడుగున తడి కనిపించాయి. మోటార్ సీలు బాగానే ఉంది! మరి నీరు ఎక్కడిది? ర్యాక్ చివరను కప్పే మడతల రబ్బరు తొడుగు, అదే బూటు, దాని క్లిప్పు ఊడిపోయి, మడత దగ్గర వేలెడు చిరుగు ఉంది. నీరు అక్కడ దూరి ర్యాక్ వెంబడి పాకి మోటార్ దాకా వచ్చింది. అది చూడకుండా కొత్త మోటార్ పెట్టి ఉంటే, వచ్చే శీతాకాలానికి అదీ ఇలాగే అయ్యేది. మీ సెల్లారు కారు కథ కూడా ఇదే కావచ్చని నాకు గట్టిగా అనిపిస్తోంది. నీరు దిగిపోయిన నెలల తర్వాత దీపం వెలిగిందంటే, తుప్పు నెమ్మదిగా తన పని తాను చేసుకుపోయింది.

ర్యాక్ పళ్ల మీదే తుప్పు గుంతలు పడి ఉంటే అక్కడితో ఆపేయండి. ఆ బాక్సు ఇక పనికిరాదు, మోటార్ మార్చి లాభం లేదు.

ఇంకొకటి. స్టార్టర్ మోటార్‌ను బల్ల మీద పెట్టి బ్యాటరీ వైర్లు తాకించి చూడటం మీ అలవాటు. దీనికి అలా చేయకండి. ఇప్పటి మోటార్లు చాలావరకు బ్రష్‌లు లేని మూడు ఫేజులవి. నేరుగా కరెంటు ఇస్తే తిరగవు, పైగా లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి. రాణీగంజ్‌లో పాత మోటార్ దొరికినా కొనే ముందు ఆగండి. కంట్రోల్ యూనిట్ మోటార్‌తో కలిసే ఉంటే దాన్ని ఆ కారుకు తగినట్టు ప్రోగ్రామ్ చేయాలి, లేకపోతే దీపం ఆరదు.

తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగు, దానికి పలుచగా గ్రీజు, కొత్త బూట్లు రెండు వైపులా. బోల్టులు బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తోనే. చివర్లో స్టీరింగ్ కోణం సెన్సర్‌ను స్కానర్‌తో సున్నాకు తెచ్చి, చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.

మీ కుడి భుజం నొప్పి తగ్గిందా? అమ్మ రాస్తున్న నూనె పనిచేస్తోందని తమ్ముడు చెప్పాడు, మీరు చెప్పలేదు. బాక్సు దింపేటప్పుడు బరువు మీరు పట్టుకోకండి, జాకీ మీద ఆనించి కుర్రాళ్ల చేత దింపించండి. బల్ల మీది పని మాత్రం మీరే చేయండి. బోల్టు వదులుతోందో తెగబోతోందో వేళ్లతో పసిగట్టడం మీ దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆ మూడో బోల్టు దగ్గర నాకు అదే పనికొచ్చింది.

బాక్సు విప్పే ముందు రెండు వైపులా ర్యాక్ బూట్ల ఫొటోలు తమ్ముడి ఫోను నుంచి పంపించండి. మీకు పొద్దున పది గంటలైతే నాకు రాత్రి పదకొండున్నర. మేలుకునే ఉంటాను.

అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

మీ
చిన్నమ్మాయి