ఒక్క రూపాయి నమోదు గురించి బోర్డు పెట్టాలి

సంపాదక మహాశయులకు,

మా వీధిలో 60 గజాల జాగాలో రేకుల ఇల్లు తీసేసి పైకప్పు వేసుకోవాలనుకున్న ఒక తాపీమేస్త్రి, అనుమతి తెప్పిస్తానన్న మధ్యవర్తికి 15 వేల రూపాయలు సమర్పించుకున్నాడు. తెలంగాణలో భవన నిర్మాణ అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో, ఏడు మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే ఇంటికి అనుమతే అక్కర్లేదనీ, ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసుకుంటే చాలనీ అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ చట్టంలోనే 600 గజాల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో, అంటే వివరాలు సరైనవేనని యజమానే రాసిస్తే, వెంటనే అనుమతి లభించే ఏర్పాటు ఉంది.

అయితే ఈ వెసులుబాటును తప్పుగా అర్థం చేసుకుంటున్నవారూ లేకపోలేదు. గోడకు సున్నం కొట్టించడం, పెచ్చులూడినచోట ప్లాస్టరింగ్ చేయించడం వేరు. ఉన్న డాబాపై మరో అంతస్తు లేపడం, పెంట్‌హౌస్ పేరుతో రెండు గదులు వేయడం వేరు. నమోదుతో సరిపోయే చిన్న ఇళ్లకు తప్ప, ఈ రెండో రకం పనులకు అనుమతి తప్పనిసరి. పైగా స్వీయ ధ్రువీకరణలో అబద్ధం రాస్తే నోటీసు కూడా ఇవ్వకుండానే కూల్చే అధికారాన్ని చట్టం ఇచ్చింది. ఆ సంగతి మధ్యవర్తులు ఎలాగూ చెప్పరు.

ఏ పనికి అనుమతి కావాలో, దేనికి నమోదు చాలునో ప్రతి వార్డు కార్యాలయం గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ