సెకండ్ హ్యాండ్ బైకుల ప్రకటనల్లో తయారీ నెల వేయించండి

సంపాదకుల వారికి,

మీ పత్రిక జిల్లా పేజీల్లో సెకండ్ హ్యాండ్ బైకుల ప్రకటనలు ‘ఆర్15, 2012, సింగిల్ ఓనర్, కండిషన్ సూపర్’ అన్నంతటితో సరిపెడుతున్నారు. వాటిలో తయారీ నెల, వెర్షన్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉందా లేదా, ఆర్సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఎప్పటిదాకా చెల్లుతుంది అనే నాలుగు ముక్కలు తప్పనిసరి చేయండి. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఎక్కువగా అడిగే పాత స్పోర్ట్స్ బైకు యమహా ఆర్15 కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. ప్రకటనలో కనిపించే 2012 చాలాసార్లు రిజిస్ట్రేషన్ అయిన ఏడాదే. బండి అంతకు ముందు షోరూములో నెలల తరబడి పడి ఉండొచ్చు. ఆర్సీలో తయారీ నెల, ఏడాది వేరేగా ఉంటాయి. చూడాల్సింది అవే.

తొలి ఆర్15 2008లో వచ్చింది. 149.8 సీసీ, లిక్విడ్ కూలింగ్, 17 పీఎస్ పవర్, ఆరు గేర్లు, వెనక 100/80-17 సన్న టైరు, ఇనుప స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి). 2011లో వెర్షన్ 2 వచ్చింది. ఇంజిన్ దాదాపు అదే. స్వింగ్ ఆర్మ్ అల్యూమినియం అయింది, వెనక 130/70 ఆర్17 రేడియల్ టైరు పడింది, సీటు రెండు ముక్కలైంది, వీల్‌బేస్ (రెండు చక్రాల నడుమ దూరం) 1290 నుంచి 1345 మిల్లీమీటర్లకు పెరిగింది. హైవే మీద తిన్నగా పోయేటప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు గానీ మలుపుల్లో బాగా తెలుస్తుంది.

మోసం జరిగేదీ ఇక్కడే. పాత వెర్షన్‌కి కొత్త వెర్షన్ బాడీ కిట్ తొడిగి, స్టిక్కర్లు అంటించి వెర్షన్ 2 ధర చెబుతారు. సీటు చూసి నిర్ణయించకండి. వెర్షన్ 2 మీదే తయారై 2015లో వచ్చిన ఆర్15ఎస్‌కీ మొదటి వెర్షన్‌లాగే సీటు ఒక్క ముక్కే. పాడైన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం జేబులో వేసుకెళ్లి స్వింగ్ ఆర్మ్‌కి ఆనించండి. అతుక్కుంటే ఇనుము, అంటే మొదటి వెర్షన్. జారిపోతే అల్యూమినియం. స్వింగ్ ఆర్మ్ కూడా మార్చేసిన ఘనులున్నారు, అందుకే ఆర్సీలో నెల చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. పాత సన్న రిమ్ముకే 130 టైరు ఎక్కించిన బండ్లూ తిరుగుతున్నాయి. అలా ఎక్కిస్తే టైరు నడుమ ఉబ్బి, అంచులు రోడ్డుకి సరిగా ఆనవు. చూపుకి లావుగా ఉన్నా మలుపులో పట్టు ఉండదు.

‘ఇంజిన్ బోరు చేయించాం, కొత్తదాని కింద లెక్క’ అంటే మాత్రం సంబరపడకండి. ఆర్15ది డయాసిల్ సిలిండరు. లోపల ఇనుప లైనరు ఉండదు, సిలికాన్ కలిసిన అల్యూమినియం గోడ మీదే పిస్టన్ ఆడుతుంది. మామూలు బండిలా బోరు చేసి, అంటే సిలిండరు లోపలి గోడ కోసి వెడల్పు చేసి, ఓవర్‌సైజు పిస్టన్ వేసే పద్ధతి దీనికి లేదు. గీతలు పడితే సిలిండరు, పిస్టన్, రింగులు సెట్టుగా మార్చాలి. ఖర్చుకి వెనకాడి కొందరు లోపల ఇనుప స్లీవు (గొట్టం) దింపిస్తారు. అప్పుడు వేడి అంత త్వరగా బయటికి పోదు, ట్రాఫిక్‌లో ఇంజిన్ కాగిపోతుంది. బోరు అన్న మాట వినగానే సిలిండరు సెట్టు బిల్లు అడగండి. పొగ కూడా గమనించండి. స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయాయనుకోవచ్చు. యాక్సిలరేటరు ఇచ్చినంతసేపూ వస్తుంటే రింగులు అరిగినట్టు.

బండి చూడ్డానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లండి. రేడియేటరు మూత తీస్తే రంగు కూలెంట్ కనబడాలి. తుప్పు రంగు నీళ్లుంటే కుళాయి నీళ్లు పోసి నడిపారన్నమాట. వాటర్ పంపు అడుగున చిన్న కన్నం దగ్గర చెమ్మ ఉంటే సీలు పోయింది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ ఇంజిన్‌లోకి దిగుతోంది, ఆ బండి వదిలేయండి. తర్వాత మూత బిగించి, ఫ్యాను తిరిగేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచండి. ఫ్యానుకి హ్యాండిల్ దగ్గర విడిగా స్విచ్ పెట్టి ఉంటే, అసలు సర్క్యూట్ పాడైందని అర్థం. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండైతే వైరింగ్ కనెక్టర్లు ఒకటి రెండు విప్పించండి, ఉప్పుగాలికి లోపల పచ్చగా చిలుము పడుతుంది.

వెర్షన్ 3 2018లో వచ్చింది. 155 సీసీ, వీవీఏ (ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు), స్లిప్పర్ క్లచ్ (గేరు ఒక్కసారిగా తగ్గించినా వెనక చక్రం ఎగరకుండా చూసేది), 19.3 పీఎస్. 7,400 ఆర్‌పీఎం దాటితే మీటరులో వీవీఏ గుర్తు వెలగాలి. 2018 బండ్లకు ఏబీఎస్ లేదు, 2019 జనవరిలో రెండు చక్రాలకూ ఇచ్చారు. కాబట్టి 2018లో తయారై 2019లో రిజిస్టరైన బండికి ఏబీఎస్ ఉండకపోవచ్చు. 2019 తొలినాళ్లలో రాష్ట్రమంతటా ఏపీ39 సిరీస్ మొదలైంది గనుక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత ఏపీ30, ఏపీ35 నంబర్లున్న వెర్షన్ 3 కనబడితే ఏబీఎస్ లేనిదేమోనని అనుమానించండి. ఏబీఎస్ ఉందని అమ్మేవాళ్లు చెబితే, తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లైటే పీకేసి ఉంటారు. ధర కాస్త ఎక్కువైనా ఏబీఎస్ ఉన్నదే కొనమంటాం. బీఎస్6 కాలుష్య ప్రమాణాలకు మారిన బండ్లలో పవర్ 18.6 పీఎస్‌కి తగ్గిందని బాధపడే పని లేదు, రోడ్డు మీద అది తెలియదు.

ఇక కాగితాలు. 2008, 2009, 2010 బండ్లకు రిజిస్ట్రేషన్ నాటి 15 ఏళ్లు నిండిపోయాయి. ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాల్సింది అమ్మేవాళ్లే. బేరం కుదిరాక అడిగితే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఇచ్ఛాపురం, పార్వతీపురం వైపు ఓడీ నంబరు బండ్లు చౌకగా దొరుకుతాయి. వాటికి ఒడిశా ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), అంటే ఫారం 28, చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలని ధరలోనే లెక్క వేసుకోండి. ఫైనాన్స్ మీద కొన్న బండైతే అప్పు తీరిందన్న మాట చాలదు. ఫారం 35 (అప్పు ఒప్పందం ముగిసిందని తెలిపేది), ఫైనాన్స్ వాళ్ల ఎన్‌వోసీ రెండూ ఉంటేనే ఆర్సీలో వాళ్ల పేరు పోతుంది.

– కొందరు బైకు మెకానిక్‌లు, శ్రీకాకుళం