జీతం అడగడం ఎవరు నేర్పాలి?

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇచ్చే ప్లేస్‌మెంట్ శిక్షణ గురించి మీ పేపర్లో చదివాను. రెజ్యూమె, గ్రూప్ డిస్కషన్, ఇంగ్లిష్ అన్నీ ఉన్నాయి. జీతం ఎలా అడగాలో మాత్రం లేదు.

వనపర్తిలో నాకు టెంట్ హౌస్ ఉంది. ఇరవై రెండేళ్లుగా బేరాల మీదే బతుకుతున్నాను. పోయినేడు హైదరాబాద్‌లో ఓ కంపెనీ వాళ్లు "ఎంత ఆశిస్తున్నారు?" అనడిగితే మా అమ్మాయి "మీ ఇష్టం సార్" అందట. వాళ్ల ఇష్టమే అయింది. అదే రోజు అదే పనిలో చేరిన క్లాస్‌మేట్‌కు నెలకు నాలుగు వేలు ఎక్కువ. అతను చేసిందల్లా నోరు తెరిచి అడగడమే. కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు గీసి గీసి బేరమాడే పిల్ల మాది!

మా నాన్న పెబ్బేరు సంతలో ఎడ్లు కొనేవాడు. చిన్నప్పుడు వెంట వెళ్లేవాణ్ని. నాన్న, దళారి తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. పక్కవాడికి అంకె తెలియదు కాబట్టి తగ్గినా పరువు పోయేది కాదు. అయితే అసలు పని ఇంటి దగ్గరే అయిపోయేది. ఇంత దాటితే వద్దని ముందే అనుకుని బయల్దేరేవాడు. వట్టి చేతులతో తిరిగొచ్చిన శనివారాలు నాకు గుర్తే.

నా దగ్గర ఎవరైనా "లాస్ట్ ఎంత?" అంటే రేటు జోలికి పోను. సామాను రాత్రికే విప్పాలా, పొద్దున తీసుకెళ్తే నడుస్తుందా అని అడుగుతా. పొద్దునైతే నాకు రాత్రి కూలీ మిగులుతుంది, వాళ్లకు రెండు కూలర్లు ఊరికే ఇస్తా.

ఇంట్లో మాత్రం ఈ తెలివి ఆలస్యంగా వచ్చింది. అమ్మను ఆరు నెలలు నువ్వు, ఆరు నెలలు నేను చూద్దామంటే అన్న ఒప్పుకోలేదు. ఏడాది మాటల్లేవు. చివరికి వదిన చెబితే తెలిసింది. వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అమ్మను కిందికి దింపాలంటే ఇద్దరు మోయాలి. ఇప్పుడు అమ్మ మా దగ్గరే ఉంటుంది, మందుల ఖర్చు అన్న పెట్టుకుంటాడు. "నీకేం ఇబ్బంది అన్నా?" అని మొదటి రోజే అడిగుంటే ఆ ఏడాది మిగిలేది.

కాలేజీలు ఫైనలియర్లో నాలుగు క్లాసులైనా దీనికి పెట్టాలి. ఊళ్లో బట్టల షాపాయన్నో, మిర్చి వ్యాపారినో పిలిచి పిల్లలతో బేరం ఆడించినా చాలు.

మా అమ్మాయికి ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. రాత్రిళ్లు ఫోన్లో నేను హెచ్‌ఆర్ వేషం కడుతున్నా. అంకె బాగానే చెప్పేది, వెంటనే "కొంచెం తక్కువైనా పర్లేదు సార్" అనేది. ఆ రెండో ముక్క మాన్పించడానికే వారం పట్టింది.

— ఓ టెంట్ హౌస్ యజమాని, వనపర్తి